కుడిచేతి మైసమ్మ

పదకొండేళ్లుగా సిద్దిరాములు మనసులో ఒక అనుమానం చెప్పులో రాయిలా ఉండిపోయింది. ఆ రోజు తన బిడ్డ లతను బతికించింది మైసమ్మనా, జయరాజ్ పోసిన ఇసుకనా?

ఎవరిని అడగాలో తెలియదు. మైసమ్మనే అడుగుదామంటే, చేతులు జోడించి నిలబడ్డవాడు అడగాల్సిన మాట కాదది. జయరాజ్‌ను అడుగుదామంటే నామోషీ. ప్రతి శుక్రవారం రాయికి పసుపు రాసి, దీపం పెట్టి కళ్లు మూసుకునేవాడు. మూసిన కళ్లలో అమ్మవారికంటే ముందు ఇసుకే కనబడేది. లెంపలేసుకుని ఇంటిదారి పట్టేవాడు.

సిద్దిరాములు ఖండసారి ట్రాక్‌లో జెండా మనిషి. బోధన్ నుంచి కోటగిరి పోయే దారిలో, కాలువ కట్టను ఆనుకుని ఉన్న మోటారు సైకిళ్ల పందేల బాట అది. కాగితాల మీద దానికి వేరే పేరుంది కానీ, అది పలకడానికి ఎవరికీ నోరు తిరగదు. పెద్ద పట్నాల్లో ఇలాంటి బాటలను ఇంజనీర్లు గీసి కడతారట. ఖండసారి ట్రాక్‌ను గీసింది ఎడ్లు. చెరుకు జోరుగా పండిన కాలంలో అక్కడ దశరథం పటేల్ తండ్రి పెట్టిన చిన్న ఖండసారి చక్కెర మిల్లు ఉండేది. చెరుకు బండ్లు బారులు తీరి వచ్చి, కాంటా మీద తూగి, దిబ్బ ఎక్కి సరుకు దించి, అవతలి వైపు నుంచి ఖాళీగా దిగిపోయేవి. అలా తిరగ్గా తిరగ్గా రెండు కిలోమీటర్ల మూడు వందల మీటర్ల చుట్టుబాట పడింది. మిల్లు మూతపడింది. ఇనుము అమ్ముడుపోయింది. బాట మాత్రం మిగిలింది. దశరథం పటేల్‌కు మోటారు సైకిళ్ల పిచ్చి. పాతికేళ్ల కింద ఆ బాట మీదే తారు పోయించి పందేలు మొదలుపెట్టాడు.

ఎడ్లు గీసిన బాట కాబట్టి దాని గుణాలు దానికున్నాయి. మలుపులు తొమ్మిది, తొమ్మిదింటికీ ఒకే వంపు. నిండు బండితో జోడెడ్లు నొగ విరగకుండా ఎంత చుట్టు తిరగగలవో అంత. తారు కింద చక్రాల గాడులు ఇంకా ఉన్నాయి. వానాకాలం పోయాక తారు అక్కడక్కడా కుంగి, వెనకటికి బండ్లు ఎక్కడ ఆగి వంతు కోసం కాచుకునేవో చూపిస్తుంది. కొత్త కుర్రాళ్లు ఆ కుంగుల మీద ఎగిరిపడి తిట్టుకుంటారు. పాతవాళ్లకు బ్రేకు ఎక్కడ వెయ్యాలో చెప్పే గుర్తులు అవే.

నాలుగోది మైసమ్మ మలుపు. కాంటా దగ్గర నుంచి సమంగా వచ్చిన బాట అక్కడ కుడికి తిరిగి దిబ్బ ఎక్కుతుంది. మలుపు లోపలి మూలలో మోకాలెత్తు రాయి, దానికి పసుపు, పక్కన రెండు వేపకొమ్మలు. అదే మైసమ్మ. మలుపు తిరగలేక నేరుగా దూసుకుపోయిన బండికి ఎదురుగా ఇసుక మడి ఉంటుంది. మోకాలి లోతు ఇసుకలో బండి కూరుకుపోయి ఆగిపోతుంది. అదే దిబ్బ మీద నుంచి దిగుతూ చూస్తే మలుపుకు ఎదురుగా పది అడుగుల్లో కాలువ కట్ట, కట్ట అవతల నీళ్లు. అయితే దిబ్బ మీద నుంచి అటు ఎవరూ దిగరు. ఎద్దుబండ్లయినా మోటారు బండ్లయినా, అన్నీ మైసమ్మను కుడిచేతి వైపు పెట్టుకునే తిరిగాయి, గుడి చుట్టూ తిరిగినట్టు.

ఆ ఇసుక మడి జయరాజ్ చలవ. జయరాజ్ ట్రాక్టర్ మీద నీళ్ల ట్యాంకర్ తోలేవాడు, సిద్దిరాములుకంటే ఎనిమిదేళ్లు పెద్ద. లతకు పదహారేళ్లప్పుడు పటేల్ మొదటిసారి ఆడపిల్లల పందెం పెట్టాడు. ముందురోజు జయరాజ్ ఎవరూ చెప్పకుండానే మంజీర ఇసుక రెండు ట్రిప్పులు తెచ్చి మలుపు ఎదురుగా కుమ్మరించాడు. అప్పటిదాకా అక్కడున్నది గట్టి మొరం. "ఏందన్నా, ఇల్లు కడుతున్నవా?" అని అందరికంటే గట్టిగా నవ్వింది సిద్దిరాములే. మర్నాడు మూడో చుట్టులో లత బండి వెనక చక్రం జారింది. బండీ పిల్లా కలిసి కొట్టుకుపోయి ఇసుకలో పడ్డారు. కాలు బండి కింద ఇరుక్కుంది. సిద్దిరాములు జయరాజ్ ట్రాక్టర్‌లోని పార లాక్కుని, ఏడుస్తూ ఇసుక తోడి బిడ్డను బయటికి తీశాడు. నోట్లో ఇసుక ఉమ్మి లత అన్న మొదటి మాట, "బాపు, బండికేమన్న అయిందా?"

ఆ సాయంత్రం మైసమ్మకు పదకొండు కొబ్బరికాయలు కొట్టాడు. ఒక చిప్ప తీసుకుపోయి జయరాజ్ చేతిలో పెట్టబోయాడు. జయరాజ్ చర్చి మనిషి, దేవతకు కొట్టిన కాయ తినడు. నొప్పించకుండా, "నీ ప్రేమ ముట్టిందిలే రాములూ. నా పార ఒక్కటి నాకియ్యి" అన్నాడు.

ఆ పార ఇంకా ఇవ్వలేదు. ఇసుక మడి చదును చేసేది రోజూ దానితోనే. "నా పార బతికే ఉన్నదా?" అని జయరాజ్ అడగడం, "ఉన్నదన్నా, నీ మీద బెంగ పెట్టుకున్నది" అని ఇతను అనడం ఇద్దరికీ ఒక ఆట అయిపోయింది. నోరు తెరిచి చెప్పాల్సిన ఇంకో మాట ఆ ఆట కిందే ఉండిపోయింది.

రెండేళ్ల కింద పటేల్ ట్రాక్‌ను ఒక పట్నం కంపెనీకి లీజుకిచ్చాడు. మేనేజర్‌గా అరుణ్ అనే కుర్రాడు వచ్చాడు. మర్యాద తెలిసినవాడు, అందరినీ అంకుల్ అనేవాడు. దిబ్బ కింద రంగు రంగుల కుర్చీలతో గ్యాలరీ కట్టించాడు. ఈ బుధవారం బండ్లు సరిచేసుకునే పిట్ షెడ్డులో అందరినీ పిలిచి చెప్పాడు.

"అంకుల్, ఆదివారం పందెం ఉల్టా. దిబ్బ మీదికెళ్లి కిందికి. గ్యాలరీ ముందట బండ్లు అట్ల దిగుతుంటే వీడియో ఎట్ల ఉంటదో ఊహించుకోండి."

"ఉల్టానా? మైసమ్మను ఎడమకు పెట్టుకొనా?" అన్నాడు సిద్దిరాములు.

"ఎడమైతే ఏమైతది?"

"సావుకాడ తప్ప ఎడమ సుట్టు ఎవరు తిరుగరు సార్."

పిట్ కుర్రాళ్లు కిసుక్కున నవ్వారు. వాళ్ల మధ్య లత కూడా ఉంది. ఇరవై ఏడేళ్లది, ఇప్పుడు ఆ ట్రాక్ మీద పిల్లలకు బండి నేర్పేది ఆమే, ఆదివారం పందెంలో పేరు ఇచ్చిన పద్నాలుగు మందిలో ఒకతె. ఆమె నవ్వలేదు. తల దించుకుని చేతి తొడుగు సర్దుకుంది.

మర్నాడు అరుణ్ ఒక ఉపాయంతో వచ్చాడు. "నిజామాబాద్‌ల మా పంతులుగారిని అడిగిన అంకుల్. రాయిని తీసి కాలువ కట్ట మీద పెడదాం. టైల్స్ తోని చిన్న గుడి కట్టిస్త, కంపెనీ ఖర్చు. అప్పుడు ఉల్టా పోయినా అమ్మవారు కుడిచేతి దిక్కే ఉంటది. ఇంకేంది?"

సిద్దిరాములు రెండు చేతులూ చాపి, గాలిలో బాట గీసుకుని, అటు తిరిగి ఇటు తిరిగి చూసుకున్నాడు. నిజమే. శాస్త్రానికి తప్పు పట్టడానికి లేదు. తాను పట్టుకున్న కొమ్మను ఆ కుర్రాడు చాలా మర్యాదగా నరికేశాడు.

"శనివారం దాక టైం ఇయ్యుండ్రి సార్" అన్నాడు. పందేనికి ముందు ట్రాక్ తయారుగా ఉందని సంతకం పెట్టాల్సింది జెండా మనిషే. పటేల్ కాలం నుంచి ఉన్న పద్ధతి అది. కంపెనీ కూడా దాన్ని తీసెయ్యలేదు.

ఇంటికి పోయినా అదే ఆలోచన. అమ్మవారిని అవతలికి జరుపుతామన్నా గుండెలో దడ అక్కడి నుంచి జరగలేదు. దేవత కోసమే భయమైతే ఈపాటికి తగ్గాలి కదా. మరి ఈ భయం ఎవరిది?

లత కంచం ముందు కూర్చుని సూటిగా అడిగింది. "బాపు, ఒక మాట చెప్తా కోపం చెయ్యకు. నువ్వు దేవుని పేరు తీస్తే ఆ పోరగాండ్లు నవ్విన్రు. నాకు తల కొట్టేసినట్టయింది."

"నవ్వనీ."

"నాకు నవ్వుడు గాదు కష్టం. నీకు భయమైతుందా? భయమైతే భయమని చెప్పు. మైసమ్మను నడిమిట్ల పెట్టకు. నేనైతే దిగుత. అందరు దిగినంక నేను దిగకుంటే ఆడిదని అంటరు."

సిద్దిరాములు శుక్రవారమంతా ఆ మాటనే మోసుకు తిరిగాడు. శనివారం పొద్దున్నే లేచి జయరాజ్ ఇంటికి పోయాడు.

జయరాజ్ ట్రాక్టర్‌కు గ్రీజు పెడుతున్నాడు. తల ఎత్తకుండానే, "పార తెచ్చినవా?" అన్నాడు.

"లేదన్నా. ఒకటి అడుగుదామని వచ్చిన."

"పదకొండేండ్లకు ఒకటి అడుగుతున్నవంటే పెద్దదే ఉంటది. కూసో."

"ఆనాడు ఎవరు చెప్పకుండ ఇసుక ఎందుకు పోసినవు?"

జయరాజ్ చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు. "మా నాయిన చెరుకు బండి తోలిండు గదా. నా చిన్నప్పుడు చెప్పేటోడు. మిల్లు పెట్టిన మొదటి ఏడు బండ్లను దిబ్బ మీద నిలవెట్టి, నిండు బరువుతోని మలుపు దిక్కు దింపేటోళ్లట. బరువు వెనుకకెల్లి తోస్తుంటే ఎద్దు ఏం ఆపుతది? ఒక్క వారంల రెండు జోళ్లు కాలువల పడ్డయి. ఒక మనిషి గూడ పోయిండు. మరుసటేడు దారి మలిపిన్రు. బరువుతోని ఎక్కుడు, ఖాళీగ అవుతలికెల్లి దిగుడు. గా మలుపును మా నాయిన ఎన్నడు నమ్మలె. నేను గూడ నమ్మలె. పిల్లలు బండ్లు నడుపుతరంటే రెండు ట్రిప్పులు పోసిన."

"మరి మైసమ్మ?"

"దారి మలిపినప్పుడే పెట్టిన్రు. ఆ రాయిని మోసుకొచ్చింది మా నాయిన బండే." జయరాజ్ నవ్వాడు. "బోర్డు పెడితే సదివెటోడెవడు రాములూ? మైసమ్మను పెడితే ఎడమకు పొయ్యెటోడెవడు?"

సిద్దిరాములు పాతికేళ్లుగా పసుపు రాసిన తన చేతులను చూసుకున్నాడు. "అంటే, మా అమ్మవారు బోర్డా అన్నా?"

"నాకేం తెలుసు, నేను చర్చికి పొయ్యెటోన్ని. గాని ఆ రాయి పెట్టినంక మిల్లు మూసేదాక ఒక్క ఎద్దు కాలువల పడలె. దాన్ని ఏమంటరో నువ్వే అను."

సిద్దిరాములు లేచాడు. తిరుగుదారిలో మైసమ్మ దగ్గర ఆగాడు. రాయిని తీసి కట్ట మీదికి మార్చడానికి అరుణ్ పంపిన కూలీలు ఇద్దరు గడ్డపారలు పక్కన పడేసి బీడీలు కాలుస్తున్నారు. "ముందుగాల నువ్వు చెయ్యి పెట్టు రాములన్నా, తర్వాత మేం పెడతం" అన్నారు. రాములన్న చెయ్యి పెట్టలేదు. ఒంగి దండం పెట్టుకుని, వెనక్కి తిరిగి, మైసమ్మ ముఖం ఎటు చూస్తోందో అటు చూశాడు. ఇన్నేళ్లలో ఎప్పుడూ అలా చూడలేదు. ఆమె చూస్తున్నది దిబ్బ మీది వాలును.

ఆదివారం తొమ్మిదింటికే గ్యాలరీ నిండింది. పద్నాలుగు బండ్లు దిబ్బ మీద ముఖం కిందికి పెట్టుకుని గుర్రు గుర్రుమంటున్నాయి. సంతకం కాగితం ఖాళీగా ఉంది. సిద్దిరాములు మైసమ్మ మలుపులో, తారు నడిమధ్యన, ఎర్ర జెండా పట్టుకుని నిలబడ్డాడు.

అరుణ్ చెమటలు కక్కుతూ వచ్చాడు. "పక్కకు జరగండి అంకుల్."

"జరుగ."

"సంతకం పెట్టలేదు, సరే. విష్ణు పెడతడు. జెండా అతనికియ్యండి."

విష్ణు అనే రెండో జెండా మనిషి నేల చూపులు చూశాడు.

"జెండా కంపెనీది, తీస్కో సార్." సిద్దిరాములు జెండా చాపాడు. "కాళ్లు నాయి. ఇవి ఈడనే ఉంటయి."

"మళ్లీ కుడి, ఎడమ, పాపం, పుణ్యం... టికెట్లు అమ్మినం అంకుల్!"

"దేవుని మాట ఇయ్యాల ఎత్తుతలేను సార్. మీ పంతులు చెప్పింది ఖరే. ఇయ్యాల పల్లం మాట చెప్తున్న. నాకు భయమైతుంది." ఆ మాట అనేటప్పుడు దిబ్బ వైపు, హెల్మెట్లలో తన బిడ్డ ఎక్కడుందో అక్కడికి చూశాడు. "పద్నాలుగు మంది పిల్లలు గా నీళ్ల దిక్కు దిగుతరంటే నాకు భయమైతుంది."

అప్పుడే దిబ్బ మీదికి జయరాజ్ ట్రాక్టర్ వచ్చింది. తెల్ల చొక్కా, జేబులో చిన్న బైబిలు. చర్చిలో పెద్ద ప్రార్థన వదిలేసి వచ్చాడు. ట్రాలీలోంచి పాత ట్రాక్టర్ టైరు ఒకటి దించి, బండ్ల వరస ముందు నిలబెట్టి, కిందికి కేకేశాడు. "రాములూ, పక్కకు జరుగు! నేను చెప్తున్న, జరుగు!"

సిద్దిరాములు అప్పుడు జరిగాడు.

"ఏంది ఇది?" అన్నాడు అరుణ్. "టైరుకు బ్రేకులుంటయా?"

"పడ్డోనికి ఉంటయా సార్?" అన్నాడు సిద్దిరాములు.

జయరాజ్ టైరును వదిలాడు. మొదట బద్ధకంగా, రెండుసార్లు పడబోయి నిలదొక్కుకుంటూ దొర్లింది. గ్యాలరీలో ఎవరో ఈల వేశారు. సగం వాలు దాటాక అది వేగం అందుకుంది. పాత గాడి ఒకటి తారు కింద నుంచి దాన్ని పట్టుకున్నట్టుంది, అటూ ఇటూ పోకుండా నేరుగా దిగింది. మలుపు దగ్గర తిరగలేదు. మైసమ్మ పక్క నుంచి గాలిలా దూసుకుపోయి, పది అడుగులు ఒక్క గెంతులో దాటి, కట్టను గుద్ది లేచి, అవతల మాయమైంది. ధభేలుమని నీళ్ల చప్పుడు వినిపించింది.

ఈల వేసినవాడు మళ్లీ వెయ్యలేదు.

దిబ్బ మీద ఒక బండి చప్పుడు ఆగిపోయింది. లత హెల్మెట్ తీసి, చంకలో పెట్టుకుని, వాలు మీదుగా నడిచి దిగింది. కట్ట ఎక్కి నీళ్లలోకి చూసింది. టైరు నల్లగా మునుగుతూ తేలుతూ కోటగిరి వైపు కొట్టుకుపోతోంది. వెనక్కి తిరిగి, అందరికీ వినబడేలా అంది.

"నేను దిగ. ఆడిదని అనేటోళ్లు అనుండ్రి. మా బాపును సూసి మొన్న నవ్విన్రు గదా, ఇప్పుడు నవ్వుండ్రి సూద్దాం."

ఎవరూ నవ్వలేదు. వరస చివరన ఉన్న కుర్రాడు కాళ్లతో తోసుకుంటూ బండిని వెనక్కి తిప్పాడు. వాడి పక్కవాడు తిప్పాడు. కాసేపటికి బండ్లన్నీ దిబ్బ అవతలి వైపు దిగి కాంటా దగ్గరికి చేరాయి.

అరుణ్ ఫోన్‌లో ఎవరితోనో చాలాసేపు మాట్లాడాడు. చివరికి వచ్చి అన్నాడు. "సరే, సీదానే నడిపించండి. కానీ అంకుల్, రేపటి నుంచి మీరు రావద్దు. కంపెనీ మాట ఇది."

"రేపు సోమవారం, ట్రాకుకు సెలవు. ఎట్లైనా రాను సార్" అన్నాడు సిద్దిరాములు. "ఇయ్యాల జెండా మాత్రం నేనే ఊపుత. ఆ కాయిదం ఇటియ్యి."

కాగితాన్ని ట్రాక్టర్ మడ్‌గార్డు మీద పెట్టి, వంకర అక్షరాలతో పూర్తి పేరు రాశాడు. కాంటా దగ్గరికి నడిచి పోయి పచ్చ జెండా ఎత్తాడు. ఆ రోజు పందెంలో లత మూడోదిగా వచ్చింది. మైసమ్మ మలుపులో ఇద్దరు జారారు, ఇద్దరూ ఇసుక దులుపుకుని లేచారు.

జనం పోయాక సిద్దిరాములు ఇసుక మడిని చివరిసారి చదును చేశాడు. దున్నిన మడిలా గీతలు గీతలుగా వచ్చేదాకా లాగాడు. కొబ్బరికాయ ఒకటి కొట్టి మైసమ్మ ముందు నిలబడ్డాడు. కళ్లు మూసుకున్నాడు. ఎప్పటిలాగే ఇసుకే కనబడింది. ఈసారి లెంపలేసుకోలేదు. బిడ్డను బతికించింది ఇద్దరిలో ఎవరన్నది ఇప్పటికీ అతనికి తెలియదు. ఒకరికి మాత్రం పదకొండు కాయలు ముట్టాయి, ఇంకొకరికి ఏమీ ముట్టలేదు.

పారను కాలువలో కడిగి, తుండుతో తుడిచి, ట్రాక్టర్ దగ్గరికి పోయాడు. జయరాజ్ సీటు మీద కూర్చుని టీ తాగుతున్నాడు.

"ఇగో అన్నా, నీ పార."

జయరాజ్ గ్లాసు పక్కన పెట్టి పారను అందుకున్నాడు. కర్రనూ రేకునూ తిప్పి చూశాడు. "కామ మారింది."

"రెండుసార్లు ఇరిగింది. ఇది తుమ్మ కామ, బలంగ ఉంటది."

"తీస్కపోయినప్పుడు రేకు జానెడుండె. ఇప్పుడు బెత్తెడున్నది. తక్కింది ఏడ తిన్నవు?"

"ఇసుక తిన్నది." సిద్దిరాములు నవ్వబోయి ఆగాడు. ట్రాక్టర్ చక్రం మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. "అన్నా, ఆనాడు నేను నిన్ను సూసి నవ్విన. మర్నాడు నా బిడ్డ నీ ఇసుకల పడ్డది. నువ్వు పొయ్యకుంటే మొరంల పడేది. మైసమ్మకు చెప్పుకున్న గాని, నీకు చెప్పలేదు. గది ఇయ్యాల చెప్తున్న."

జయరాజ్ పారను సీటు కింద, పదకొండేళ్ల కింద అది ఉండే చోటే దూర్చి, కామ బయటికి రాకుండా కాలితో లోపలికి నెట్టాడు. తర్వాత టీ గ్లాసు మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

"ముట్టింది రాములూ" అన్నాడు.